నియంత్రిత కంప్యూటర్ వ్యవస్థల్లోకి కొత్త వినియోగదారుల ప్రవేశం: భద్రతాదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉద్యోగంలో చేరిన వ్యక్తికి నియామకపత్రం తరువాత అందే ముఖ్యమైన వస్తువు నేడు లాగిన్. ఆ లాగిన్ ఎవరికి, ఏ ఆధారంతో, ఎంత అధికారంతో, ఏ మార్గంలో అందిందన్న దానిమీదే ఆ వ్యవస్థ భద్రత చాలావరకు ఆధారపడి ఉంటుంది. కొత్త వినియోగదారుని కంప్యూటర్ వ్యవస్థలోకి సురక్షితంగా ప్రవేశపెట్టే ప్రక్రియను దశలవారీగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కృష్ణాతీరంలోని ఇబ్రహీంపట్నం పరిసరాల్లో పక్కపక్కనే కనిపించే విద్యుత్కేంద్రం, వార్డు సచివాలయం, కళాశాల అనే మూడు రకాల సంస్థలను నేపథ్యంగా తీసుకొని, తెలుగు పేర్లు, తెలుగు లిపి ఈ ప్రక్రియలో తెచ్చే ప్రత్యేక సమస్యలను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: గుర్తింపు, ధ్రువీకరణ, అధికారకల్పన, జవాబుదారీతనం, తొలి రహస్యం, కనిష్ఠాధికారం, పాస్‌వర్డ్, ఓటీపీ, సచివాలయం, విద్యుత్కేంద్రం.

1. ఉపోద్ఘాతం:

విజయవాడకు ఎగువన, కృష్ణానది ఎడమగట్టున ఉన్న ఇబ్రహీంపట్నం పేరు చెప్పగానే డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం గుర్తుకు వస్తుంది. 1979లో తొలి యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించిన ఈ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, ఇటీవల చేరిన 800 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. అదే ఊరు నేడు కొండపల్లి పురపాలక సంఘంలో భాగం. పింఛను, ధ్రువపత్రం, పన్ను వంటి పనులకు ప్రజలు వెళ్లేది వార్డు సచివాలయానికి. చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలలు అనేకం ఉన్నాయి.

ఈ మూడు సంస్థల పని వేరు, చదువుల స్థాయి వేరు, ప్రమాదాల స్వభావం వేరు. అయినా ప్రతి సంస్థా ఏటా కొత్తవారిని చేర్చుకుంటుంది. వారికి ఏదో ఒక కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశం కల్పిస్తుంది. ఆ ప్రవేశం కల్పించే రోజున జరిగే పని సాధారణంగా ఒక గుమాస్తా పనిగా, పది నిమిషాల్లో ముగించవలసిన లాంఛనంగా పరిగణింపబడుతోంది. కాని భద్రతాశాస్త్ర దృష్టిలో అది వ్యవస్థ జీవితంలోనే బలహీనమైన ఘడియ. ఎందుకంటే ఆ క్షణంలో వ్యవస్థకు, వ్యక్తికి మధ్య ఉమ్మడి రహస్యమేదీ ఇంకా ఏర్పడలేదు. వచ్చినవారు ఎవరో కంప్యూటరుకు తెలియదు. తెలిసిన మనిషి ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీ ఎంత గట్టిదో తరువాతి భద్రత అంత గట్టిది.

2. నాలుగు మౌలిక భావనలు:

నియంత్రిత ప్రవేశాన్ని అర్థం చేసుకోవడానికి నాలుగు భావనలను విడివిడిగా గ్రహించాలి. మొదటిది గుర్తింపు: ‘నేను ఫలానా’ అని చెప్పుకోవడం. యూజర్ ఐడీ చేసే పని ఇదే. రెండవది ధ్రువీకరణ: ఆ మాట నిజమని నిరూపించడం. పాస్‌వర్డ్, ఓటీపీ, వేలిముద్ర ఈ కోవలోనివి. మూడవది అధికారకల్పన: నిరూపించుకున్న వ్యక్తి ఏయే పనులు చేయవచ్చో నిర్ణయించడం. నాలుగవది జవాబుదారీతనం: ఎవరు, ఎప్పుడు, ఏమి చేశారో చెరగని రీతిలో నమోదు చేయడం.

కృష్ణా డెల్టా వాసులకు ఈ విభజన కొత్తది కాదు. కాలువ తూము దగ్గర షట్టరు ఎత్తి దించే లస్కరును తలచుకుంటే చాలు. అతడు ఫలానా వాడని ఊరందరికీ తెలియడం గుర్తింపు. షట్టరు తిప్పే పనిముట్టు, తాళంచెవి అతని చేతిలో ఉండడం ధ్రువీకరణ. తన పరిధిలోని తూములే తప్ప ఎగువ రెగ్యులేటరును ముట్టుకోలేకపోవడం అధికార పరిమితి. ఏ రోజు ఎంత నీరు వదిలారో రిజిస్టరులో రాయడం జవాబుదారీతనం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా చివరి ఆయకట్టు రైతు పొలం ఎండుతుంది. ఎవరిని అడగాలో కూడా అతనికి తెలియదు. కంప్యూటర్ వ్యవస్థలోనూ నష్టం ఇలాగే చివరి మనిషికి చేరుతుంది.

నాలుగు భావనలను కలిపివేయడం వల్లనే ఆచరణలో పొరపాట్లు జరుగుతుంటాయి. యూజర్ ఐడీ తెలిసినంత మాత్రాన మనిషిని నమ్మడం గుర్తింపును ధ్రువీకరణగా పొరబడడం. లాగిన్ అయినవారికి అన్నీ చూపించడం ధ్రువీకరణను అధికారంగా పొరబడడం.

3. వ్యక్తి నిర్ధారణ – తెలుగు పేర్ల చిక్కు:

ప్రవేశ ప్రక్రియలో మొదటి మెట్టు, ఎదుట ఉన్న మనిషి నియామకపత్రంలోని మనిషేనా అని తేల్చుకోవడం. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 2017లో ప్రచురించిన డిజిటల్ గుర్తింపు మార్గదర్శకాలు ఈ నిర్ధారణను మూడు స్థాయులుగా విభజించాయి. వ్యక్తి చెప్పినదాన్ని అలాగే స్వీకరించడం మొదటి స్థాయి. పత్రాధారాలను పరిశీలించి సరిపోల్చడం రెండవ స్థాయి. శిక్షణ పొందిన అధికారి పర్యవేక్షణలో, ముఖాముఖిగా లేదా దానికి సమానమైన పద్ధతిలో నిర్ధారించడం మూడవ స్థాయి. ఏ వ్యవస్థకు ఏ స్థాయి అవసరమో అక్కడ జరగగల నష్టాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. గ్రంథాలయ సూచికకు మొదటి స్థాయి చాలు. ట్రెజరీ బిల్లులకు చాలదు.

మన ప్రాంతంలో ఈ మెట్టుదగ్గర ఎదురయ్యే ప్రత్యేక సమస్య పేర్లది. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. చాలా పత్రాల్లో అది ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, సర్వీసు రిజిస్టరులో పెళ్లి తరువాతి ఇంటిపేరు ఉన్న ఉద్యోగినులు ప్రతి కార్యాలయంలో కనిపిస్తారు. లక్ష్మి, వెంకటేశ్వరరావు, సత్యనారాయణ వంటి పేర్లను ఆంగ్లాక్షరాల్లోకి మార్చినప్పుడు ఒక్కో పత్రంలో ఒక్కో వర్ణక్రమం వస్తుంది. ‘ముందు పేరు’, ‘చివరి పేరు’ అనే రెండు గడులున్న పాశ్చాత్య పద్ధతి దరఖాస్తులో ఇంటిపేరును ఎక్కడ రాయాలన్నది ఒక్కొక్కరు ఒక్కోలా నిర్ణయించుకుంటారు.

దీనివల్ల రెండు వ్యతిరేక దోషాలు కలుగుతాయి. ఒకే మనిషి రెండు ఖాతాలు పొందడం ఒకటి. నిజమైన మనిషి ‘పేరు సరిపోలలేదు’ అన్న కారణంతో వెనక్కి పంపబడడం మరొకటి. మొదటిది మోసానికి దారితీస్తుంది. రెండవది, పని ఆగకూడదన్న తొందరలో తోటి ఉద్యోగి లాగిన్ వాడుకోవడానికి దారితీస్తుంది. కనుక పేరును గుర్తింపు సంఖ్యగా వాడరాదు. ఉద్యోగి సంఖ్య వంటి అర్థరహితమైన, మారని, మరొకరికి తిరిగి కేటాయించని సంఖ్యే యూజర్ ఐడీకి తగినది. పేరు ఆ ఖాతాకు అనుబంధ వివరం మాత్రమే కావాలి. అది మారినా ఖాతా చరిత్ర తెగకూడదు.

4. తొలి రహస్యం:

మనిషిని నిర్ధారించాక అతనికి ఒక రహస్యాన్ని అప్పగించాలి. ఈ తొలి రహస్యాన్ని అప్పగించే మార్గమే ప్రక్రియ మొత్తంలో సున్నితమైనది. ఆచరణలో ఎక్కువగా కనిపించే పద్ధతి ఏమిటి? కొత్తవారందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం, లేదా పుట్టినతేదీనో మొబైల్ సంఖ్యనో పాస్‌వర్డ్‌గా ఇవ్వడం, ఆ జాబితాను ఎక్సెల్ పట్టికగా వాట్సాప్ బృందంలో పంపడం. ఈ పద్ధతిలో రహస్యం పుట్టకముందే చచ్చిపోతుంది. జాబితా చూసిన ప్రతివారూ, అసలు వ్యక్తి తొలిసారి లాగిన్ అయ్యేలోపు అతని స్థానంలో ప్రవేశించవచ్చు. తొలి లాగిన్‌లోనే పాస్‌వర్డ్ మార్చుకోవాలన్న నిబంధన ఉన్నా, ముందుగా వచ్చిన మోసగాడే దాన్ని మార్చుకుంటాడు. రెండవ ఆధారంగా తన ఫోన్‌నే నమోదు చేసుకుంటాడు.

ఈ సమస్యకు పరిష్కారం మూడు లక్షణాల్లో ఉంది. తొలి రహస్యం ఊహకు అందనిదై ఉండాలి. ఒక్కసారికే పనిచేయాలి. స్వల్పకాలంలో చెల్లకుండా పోవాలి. పైన పేర్కొన్న 2017 నాటి ఎన్.ఐ.ఎస్.టి. మార్గదర్శకాలు నమోదు సంకేతం కనీసం ఆరు యాదృచ్ఛిక అక్షరాంకాలతో ఉండాలని, ఫోన్‌కు పంపితే 10 నిమిషాలు, ఈమెయిల్‌కు పంపితే 24 గంటలు, దేశంలోపల తపాలా చిరునామాకు పంపితే 10 రోజుల వరకే చెల్లాలని నిర్దేశించాయి. మార్గం ఎంత త్వరితమైనదో గడువు అంత చిన్నదన్న సూత్రాన్ని ఇక్కడ గమనించవచ్చు.

వీటితోపాటు మార్గాలను వేరుచేయడం కూడా అవసరం. యూజర్ ఐడీ ఒక దారిలో, సంకేతం మరొక దారిలో వెళ్లాలి. ఆ సంకేతాన్ని పంపే ఫోన్ సంఖ్య దరఖాస్తులో అప్పుడే రాసి ఇచ్చినది కాక, నియామక సమయంలో పరిశీలించి నమోదుచేసినదై ఉండాలి. చిన్న కార్యాలయాల్లో ఇంతకంటె సులువైన, మేలైన మార్గం మరొకటి ఉంది: కొత్త ఉద్యోగిని ఎదుట కూర్చోబెట్టి, గుర్తింపు పత్రం చూసి, అతని చేతనే పాస్‌వర్డ్ పెట్టించడం. ఈ పద్ధతిలో ఖాతా తెరిచిన అధికారికి కూడా ఆ రహస్యం తెలియదు. అధికారికి తెలిసిన పాస్‌వర్డ్ ఉద్యోగికి రక్షణ కాదు, అనుమానానికి తావు. రేపు ఏదైనా తేడా వస్తే ‘నేను చేయలేదు’ అన్న ఉద్యోగి మాటను కొట్టివేయడానికీ వీలుండదు, నమ్మడానికీ వీలుండదు.

5. పాస్‌వర్డ్, రెండవ ఆధారం, వేలిముద్ర:

కంప్యూటర్ పాస్‌వర్డ్ 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, ఫెర్నాండో కోర్బటో నాయకత్వంలో రూపొందిన సి.టి.ఎస్.ఎస్. అనే కాలవిభజన వ్యవస్థతో వాడుకలోకి వచ్చింది. 1962లోనే అక్కడి పరిశోధక విద్యార్థి ఒకరు తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం చాలక, పాస్‌వర్డ్‌ల దస్త్రాన్ని అచ్చువేయించుకొని ఇతరుల ఖాతాలు వాడుకున్నారు. పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టుగా దాచరాదన్న పాఠం స్థిరపడడానికి మరికొంత కాలం పట్టింది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌లు యూనిక్స్ వ్యవస్థ అనుభవాన్ని వివరిస్తూ, పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టలేని గణితరూపంలోకి మార్చి, ప్రతిదానికి వేరువేరు యాదృచ్ఛిక సంఖ్యను కలిపి దాచే పద్ధతిని ప్రతిపాదించారు. ‘మీ పాత పాస్‌వర్డ్ ఇది’ అని గుర్తుచేసి చెప్పగలిగిన వ్యవస్థ ఏదైనా ఈ పాఠాన్ని ఇంకా పాటించడం లేదని గ్రహించాలి.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చాలన్న నియమం మన కార్యాలయాల్లో ఇంకా ప్రబలంగా ఉంది. బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప బలవంతంగా మార్పించవద్దని 2017 మార్గదర్శకాలు స్పష్టంచేశాయి. మాటిమాటికి మార్చవలసి వచ్చిన మనిషి పాత పాస్‌వర్డ్ చివర ఒక అంకె పెంచుతాడు, లేదా కాగితం మీద రాసి మానిటరుకు అంటిస్తాడు. చిన్నదై తరచుగా మారే పాస్‌వర్డ్ కన్నా పొడవైనదై స్థిరంగా ఉండే పాస్‌వర్డ్ మేలు.

పాస్‌వర్డ్‌కు తోడు రెండవ ఆధారం అవసరమన్నది నేడు వివాదం లేని విషయం. ఎస్.ఎం.ఎస్. ద్వారా వచ్చే ఓటీపీ అందరికీ అందుబాటులో ఉన్నది; కాని సిమ్ కార్డును మోసంతో మార్పించుకున్నవాడికి, ఫోన్‌చేసి మాటల్లో పెట్టి అడిగినవాడికి అది చిక్కుతుంది. ఫోన్‌లోని యాప్ 30 సెకన్లకొకసారి చూపే సంకేతం సిమ్ మీద ఆధారపడదు. అయినా నకిలీ వెబ్‌సైటులో టైపుచేస్తే అదీ పోతుంది. వెబ్‌సైటు చిరునామాతో ముడిపడి ఉండి, నకిలీ చిరునామాకు స్పందించని పాస్‌కీ, భద్రతా కీ అనే సాధనాలు ఈ మూడింటిలో దృఢమైనవి.

వేలిముద్ర విషయంలో మన సమాజంలో ఒక అపోహ ఉంది. అది ఎవరికీ చిక్కని రహస్యమని చాలామంది భావిస్తారు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో వెలుగుచూసిన ఉదంతం ఈ అపోహను తొలగిస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందుబాటులో ఉన్న భూమి దస్తావేజుల నుండి వేలిముద్రలను సేకరించి, వాటికి రబ్బరు నకళ్లు తయారుచేసి, వేల సంఖ్యలో సిమ్ కార్డులను ఇతరుల పేర్ల మీద చలామణిలోకి తెచ్చినట్లు పోలీసులు గుర్తించారు. సిమ్ కార్డు ఇవ్వడం కూడా కొత్త వినియోగదారుని ప్రవేశమే. అక్కడ జరిగినది ధ్రువీకరణ వైఫల్యం. వేలిముద్ర మనం ముట్టుకున్న ప్రతిచోటా మిగిలే గుర్తు. అది పోతే మార్చుకోవడానికి మరొకటి లేదు. పైగా కట్టడపు పనుల్లో, పొలం పనుల్లో అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించదు. అందువల్ల వేలిముద్ర మరొక ఆధారానికి తోడుగా ఉండాలే తప్ప ఏకైక ఆధారం కారాదు. అది విఫలమైనప్పుడు అనుసరించవలసిన ప్రత్యామ్నాయాన్ని ముందే నిర్ణయించి ఉంచాలి.

6. పాత్ర, కనిష్ఠాధికారం, విభజన:

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్‌లు సమాచార రక్షణకు సంబంధించి ప్రతిపాదించిన సూత్రాల్లో రెండు నేటికీ ప్రవేశ ప్రక్రియకు పునాదిగా ఉన్నాయి. ఒకటి కనిష్ఠాధికారం: ఎవరికైనా తమ పనికి తప్పనిసరైనంత అధికారమే ఇవ్వాలి. రెండవది అధికార విభజన: కీలకమైన పనికి ఒక్కరి తాళంచెవి చాలకుండా చూడాలి. 1992లో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్‌లు పాత్రాధారిత నియంత్రణను సూత్రీకరించారు. దీని ప్రకారం అధికారాలు మనిషికి కాక పాత్రకు సంక్రమిస్తాయి. మనిషికి పాత్రను కేటాయిస్తారు.

ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు సుపరిచితమైన సి.ఎఫ్.ఎం.ఎస్. ఆర్థిక వ్యవస్థ ఈ సూత్రాలకు చక్కని ఉదాహరణ. అందులో బిల్లును తయారుచేసేవారు, పరిశీలించేవారు, సమర్పించేవారు అనే మూడు పాత్రలు వేరువేరుగా ఉంటాయి. పాత రోజుల్లో ఫైలు మీద గుమాస్తా, సూపరింటెండెంటు, అధికారి పెట్టే మూడు సంతకాల సంప్రదాయమే కంప్యూటరులో ఈ రూపం ధరించింది. అయితే మూడు పాత్రల పాస్‌వర్డ్‌లు ఒకే ఆపరేటరు దగ్గర ఉన్న కార్యాలయంలో ఈ విభజన తెరమీది బొమ్మ మాత్రమే. రూపకల్పన ఎంత గొప్పదైనా, ప్రవేశం కల్పించే రోజున జరిగే ఆచరణే దాన్ని నిలబెట్టాలి లేదా కూల్చాలి.

కొత్తవారికి అధికారం ఇచ్చేటప్పుడు ‘ఫలానా వారికి ఉన్నట్టే ఇతనికీ ఇవ్వండి’ అని రాయడం మన కార్యాలయాల్లో పరిపాటి. ఆ ఫలానా వారు పదేళ్లలో మూడు సీట్లు మారి, మూడింటి అధికారాలనూ మోస్తూ ఉండవచ్చు. అవన్నీ కొత్తవారికి వారసత్వంగా సంక్రమిస్తాయి. మనిషిని చూసి కాక పాత్రను చూసి ఇవ్వాలన్న సూత్రం ఇందుకే ఏర్పడింది. అడిగేవారు, ఆమోదించేవారు, ఖాతా తెరిచేవారు ముగ్గురూ వేరువేరుగా ఉండడం కూడా ఇక్కడ పాటించవలసిన నియమం.

7. పంచుకున్న లాగిన్ – ఎవరికి నష్టం?:

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. దాదాపు 15 వేల సచివాలయాల కోసం లక్షకు పైగా ఉద్యోగాలను ఒకే విడతలో ప్రకటించారు. ఇంత తక్కువ కాలంలో ఇంతమంది కొత్తవారిని నియంత్రిత వ్యవస్థల్లోకి ప్రవేశపెట్టడం తెలుగునాట అంతకుముందు ఎరుగని విషయం. సంక్షేమం, రెవిన్యూ, వ్యవసాయం, ఆరోగ్యం వంటి శాఖల పనులకు విడివిడి పాత్రలు, విడివిడి లాగిన్‌లు అవసరమయ్యాయి.

ఇలాంటి వ్యవస్థలో ఒక ఉద్యోగి సెలవులో ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. కిటికీ దగ్గర ఒక వృద్ధురాలు నిలబడి ఉంటుంది. ఆమె పని ఒక్క క్లిక్కు దూరంలో ఆగి ఉంటుంది. సెలవులో ఉన్న సహోద్యోగి ఫోన్లో పాస్‌వర్డ్ చెబుతాడు. ఓటీపీ కూడా చదివి వినిపిస్తాడు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. ఉన్నది దయ మాత్రమే. భద్రతా నియమాలను బోధించేవారు ఈ దయను దోషంగా చూపినంతకాలం ఆ నియమాలు నిలవవు. తప్పు మనిషిది కాదు, సెలవు రోజుకు ప్రత్యామ్నాయ అధికారిని ఏర్పాటు చేయని రూపకల్పనది. నిర్ణీత గడువుకు, నిర్ణీత పనికి మరొకరికి వారి సొంత లాగిన్‌లోనే అధికారం బదిలీచేసే సదుపాయం ఉంటే, వృద్ధురాలి పనీ జరుగుతుంది, లెక్కా నిలుస్తుంది.

పంచుకోవడం వల్ల నష్టపోయేది చివరకు పంచుకున్న ఉద్యోగే. లాగ్‌లో నమోదయ్యేది ఖాతా. ఆ ఖాతాను నడిపిన చేయి కాదు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి విభాగం ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడడాన్ని మూడేళ్ల వరకు జైలుశిక్షకు, లక్ష రూపాయల వరకు జరిమానాకు అర్హమైన నేరంగా పేర్కొంది. కాని వాడినది తాను కాదని నిరూపించుకోవలసిన పరిస్థితి ముందుగా ఎదురయ్యేది ఖాతాదారుకే. అందువల్ల కొత్త ఉద్యోగికి తొలిరోజు చెప్పవలసిన మాట ‘పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు, చెబితే శిక్ష’ అన్నది కాదు. ‘ఈ పాస్‌వర్డ్ మీ సంతకం, దీనితో జరిగిన ప్రతి పనీ మీ పేరున మిగులుతుంది’ అన్నది.

8. విద్యుత్కేంద్రం – భిన్నమైన సందర్భం:

కార్యాలయంలో పనికివచ్చే నియమం విద్యుత్కేంద్రపు నియంత్రణ గదిలో యథాతథంగా పనికిరాదు. అక్కడ ప్రమాద సూచిక మోగిన క్షణంలో ఆపరేటరు పాస్‌వర్డ్ టైపుచేస్తూ కూర్చోలేడు. ఐదు నిమిషాలు కదలిక లేదని తెర మూసుకుపోతే బాయిలరు ఆగి ఎదురుచూడదు. అందువల్ల ఇటువంటి గదుల్లో షిఫ్టు మొత్తానికి తెరిచి ఉండే ఉమ్మడి కన్సోల్ వాడడం పరిశ్రమలో విస్తృతంగా ఉన్న పద్ధతి. అక్కడ జవాబుదారీతనాన్ని గది తలుపు దగ్గరి నియంత్రణ, షిఫ్టు అప్పగింత పుస్తకం, కెమెరా కలిసి నిలబెడతాయి. చూడడం, నడపడం ఉమ్మడి కన్సోల్‌కు వదిలినా, అమరికలను మార్చే ఇంజనీరింగ్ అధికారం మాత్రం వ్యక్తిగత లాగిన్‌కే పరిమితం కావాలి.

విద్యుత్ వ్యవస్థల్లో లాగిన్ చౌర్యం ఎంతటి పరిణామాలకు దారితీస్తుందో 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో తేలింది. మోసపూరిత ఈమెయిళ్ల ద్వారా పంపిణీ సంస్థల కార్యాలయ నెట్‌వర్కుల్లోకి చొరబడినవారు, నెలల తరబడి ఉద్యోగుల లాగిన్ వివరాలు సేకరించి, ఆ వివరాలతోనే నియంత్రణ వ్యవస్థలోకి దూరప్రవేశం పొంది, సబ్‌స్టేషన్ల బ్రేకర్లను తెరిచారు. సుమారు 2 లక్షల 25 వేలమంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు విద్యుత్తు నిలిచిపోయింది. తాళం పగలలేదు, అసలైన తాళంచెవితోనే తలుపు తెరుచుకుంది. మనదేశంలో 2019లో కూడంకుళం అణువిద్యుత్కేంద్రపు పరిపాలనా నెట్‌వర్కులోని కంప్యూటరులో హానికర సాఫ్ట్‌వేరు కనబడిన విషయాన్ని అణువిద్యుత్ సంస్థ అంగీకరించింది. నియంత్రణ వ్యవస్థ దానితో సంబంధం లేకుండా వేరుగా ఉందని తెలిపింది. రెండు నెట్‌వర్కులను వేరుచేయడం ఎంత అవసరమో ఈ రెండు ఉదంతాలూ చెబుతాయి. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విద్యుత్ రంగానికంతటికీ సైబర్ భద్రతా మార్గదర్శకాలు జారీచేసింది.

థర్మల్ కేంద్రాల్లో మరొక కోణం ఉంది. వార్షిక మరమ్మతుల సమయంలో యంత్రాల తయారీ సంస్థల నిపుణులు, కాంట్రాక్టు సిబ్బంది కొద్ది వారాలకోసం వస్తారు. వీరికి ఇచ్చే ఖాతాకు ముగింపు తేదీ ఖాతా తెరిచే రోజునే రాయాలి. గడువు పొడిగించాలంటే మళ్లీ అడగాలి. అడగకపోతే దానంతటదే మూతపడాలి. దూరం నుండి చేసే మరమ్మతు కోసం ఇచ్చిన ప్రవేశం, పని జరుగుతున్నంతసేపే తెరిచి ఉండాలి.

9. పాత్ర మారినప్పుడు, సంస్థ వీడినప్పుడు:

ప్రవేశ ప్రక్రియ తొలిరోజుతో ముగియదు. చేరిక, మార్పు, నిష్క్రమణ ఈ ప్రక్రియకు మూడు అంకాలు. బదిలీ అయిన ఉద్యోగికి కొత్త అధికారం వెంటనే అందుతుంది, ఎందుకంటే అతడే అడుగుతాడు. పాత అధికారం పోదు, ఎందుకంటే తీసివేయమని ఎవరూ అడగరు. పదవీ విరమణ చేసినవారి, మరణించినవారి ఖాతాలు కూడా ఇలాగే మిగిలిపోతాయి. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థపై జరిగిన దాడిలో, వాడుకలో లేకపోయినా మూసివేయని ఒక దూరప్రవేశ ఖాతా పాస్‌వర్డ్ దుండగుల చేతికి చిక్కింది. ఆ ఖాతాకు రెండవ ఆధారం లేదు. ఫలితంగా ఆ దేశపు తూర్పుతీరానికి ఇంధనం చేరవేసే ప్రధాన మార్గం కొన్ని రోజులపాటు మూతపడింది.

కనుక జీతాల పట్టిక, ఖాతాల పట్టిక ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. జీతం ఆగిన రోజున ఖాతా ఆగాలి. మూడు నెలలకోసారైనా ప్రతి విభాగాధికారి తన కిందివారి అధికారాల జాబితాను చదివి సంతకం చేయాలి. ఖాతాను మూయడమంటే దాని చరిత్రను చెరపడం కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. సైబర్ సంఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి.

10. విద్యాసంస్థలు, తెలుగు లిపి:

పరిశోధకులకు, అధ్యాపకులకు ఈ విషయం దూరమైనది కాదు. కళాశాల గ్రంథాలయాల ద్వారా విద్యుత్ పత్రికలను అందించే ఎన్-లిస్ట్ పథకంలో వినియోగదారుల ఖాతాలకు పూచీ పడేది ఆయా కళాశాలలే. పరీక్షల విభాగం, మార్కుల నమోదు, స్కాలర్‌షిప్ ధ్రువీకరణ వంటి పోర్టళ్లలో కళాశాల తరఫున ఒకే నోడల్ లాగిన్ ఉంటుంది. అది చాలాచోట్ల ఆపరేటరు చేతిలో ఉంటుంది. విద్యార్థి మార్కు మారినప్పుడు ఎవరు మార్చారో చెప్పలేని కళాశాల, ఆ విద్యార్థికి న్యాయం చేయలేదు. అతిథి అధ్యాపకులు, ఏటా మారే పరిశోధక విద్యార్థుల విషయంలో గడువు ఖాతాల పద్ధతి ఇక్కడ కూడా వర్తిస్తుంది.

తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చా అన్న ప్రశ్న భాషాప్రియులకు ఆసక్తికరమైనది. సూత్రరీత్యా వీలే. కాని తెరమీద ఒకేలా కనిపించే తెలుగు మాట లోపల రెండు రకాలుగా నిక్షిప్తమై ఉండవచ్చు. యూనికోడ్‌లో ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వపు గుర్తు, దాని కింద చేరే భాగం అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పొల్లు తరువాత ఒత్తు ఏర్పడకుండా ఆపే అదృశ్య సంకేతాన్ని ఒక కీబోర్డు చేరుస్తుంది, మరొకటి చేర్చదు. మనిషి కంటికి ఒకటైన మాట యంత్రానికి రెండవుతుంది. సరైన పాస్‌వర్డే తప్పుగా తేలుతుంది. పాస్‌వర్డ్‌ను గణితరూపంలోకి మార్చకముందు అక్షరక్రమాన్ని ఏకరూపం చేసే యూనికోడ్ నియమాన్ని వర్తింపజేస్తే ఐత్వం చిక్కు తొలగుతుంది. అదృశ్య సంకేతం విషయంలో మాత్రం వ్యవస్థ రూపకర్త విడిగా నిర్ణయం తీసుకోవాలి.

అంతకంటె ముఖ్యమైనది సూచనల భాష. కొత్త ఉద్యోగి అంగీకరించే షరతులు, హెచ్చరికలు, ఓటీపీ సందేశాలు చాలావరకు ఆంగ్లంలోనే ఉంటున్నాయి. అర్థంకాని హెచ్చరికను మనిషి చదవడు, నొక్కివేస్తాడు. ‘మీ ఖాతాలోకి కొత్త ఫోన్ నుండి ఎవరో ప్రవేశిస్తున్నారు, అది మీరు కాకపోతే అనుమతించవద్దు’ అన్న తెలుగు వాక్యం చేసే మేలును ఖరీదైన పరికరాలు కూడా చేయలేకపోవచ్చు. సులభమైన తెలుగులో ఇటువంటి వాక్యాలను నిర్మించడం, పారిభాషిక పదాలను స్థిరపరచడం భాషాశాస్త్ర పరిశోధకులు చేపట్టదగిన పని.

11. ముగింపు:

పై చర్చ నుండి ఈ అంశాలను గ్రహించవచ్చు.

- కొత్త వినియోగదారుని ప్రవేశం లాంఛనం కాదు. మనిషి మీద సమాజానికి ఉన్న నమ్మకాన్ని యంత్రానికి అప్పగించే ఘట్టం.
- తెలుగు పేర్ల వైవిధ్యం వల్ల పేరు గుర్తింపు సంఖ్యగా పనికిరాదు. మారని సంఖ్యే అందుకు తగినది.
- తొలి రహస్యం ఊహాతీతం, ఏకవారం, స్వల్పకాలికం కావాలి. దానిని ఇచ్చిన అధికారికి కూడా తెలియకుండా ఉండాలి.
- వేలిముద్ర రహస్యం కాదు. అది తోడు ఆధారం మాత్రమే.
- అధికారం మనిషిని చూసి కాక పాత్రను చూసి ఇవ్వాలి. సెలవు రోజుకు, అత్యవసరానికి ప్రత్యామ్నాయం ముందే ఉండాలి.
- తాత్కాలిక ఖాతాకు ముగింపు తేదీని ప్రారంభంలోనే నిర్ణయించాలి. సంస్థ వీడినవారి ఖాతా ఆ రోజే మూయాలి.
- హెచ్చరికలు, శిక్షణ మాతృభాషలో ఉన్నప్పుడే నియమాలు ఆచరణగా మారతాయి.

ఇవన్నీ పాటించడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. కొత్త ఉద్యోగికి తొలిరోజున అరగంట సమయం, ఎదురుగా ఒక కుర్చీ, పూచీపడే ఒక అధికారి చాలు. ఆ అరగంట వెచ్చించని సంస్థ, తరువాత విచారణ సంఘాలకు నెలలు వెచ్చించవలసి వస్తుంది. ఆ విచారణలో నిలబడవలసి వచ్చేది తరచుగా తెలియక లాగిన్ పంచుకున్న చిన్న ఉద్యోగి. అందువల్ల సురక్షిత ప్రవేశమంటే వ్యవస్థను మనుషుల నుండి కాపాడడం మాత్రమే కాదు. ఆ మనుషుల మంచిపేరును కాపాడడం కూడా.